పసుపు గౌను, రెండు జేబులు

పూలు తమ కోసం తాము పూస్తాయట. ఈ మాటని గులాబీ ఫోటో మీద అందంగా రాసి ఎవరో ఒకరు పొద్దున్నే ఫోన్‌కి పంపుతూనే ఉంటారు. పంపేవాళ్ల మనసు మంచిదే, కాదనను. మాట మాత్రం నిజం కాదు. పువ్వు పుట్టిందే పిలవడానికి. ఆ రంగు, ఆ వాసన, లోపలి తేనె, అన్నీ ఇంకొకళ్లని రప్పించుకోవడానికి మొక్క పెట్టిన ఖర్చు. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను కాబట్టి నాకలాగే కనిపిస్తుంది మరి. కష్టపడి తయారు చేసుకున్న చక్కెరని తేనె చేసి బయట పెడుతుంది. పుప్పొడి ఇంకో పువ్వుకి చేరకపోతే ఆ ఖర్చంతా నష్టం కింద రాసుకోవాల్సిందే. నమ్మకం లేకపోతే గడ్డి పూలని చూడండి. వాటి పుప్పొడిని గాలి మోసుకెళ్తుంది. అందుకే వాటికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. పిలవాల్సిన వాళ్లే లేనప్పుడు ముస్తాబు ఎందుకని!

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. నాకు ముస్తాబంటే ఇష్టం. దాన్ని ఎవరైనా చూడాలని కూడా ఇష్టం. ఈ రెండో ముక్క ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. "నా సంతోషం కోసమే వేసుకుంటున్నా, ఎవరేమనుకుంటే నాకేంటి" అనడం ఇప్పుడు మర్యాద అయిపోయింది. నేనూ అంటూ వచ్చాను. కానీ కొత్త గౌను వేసుకుని, ఎవరూ లేని ఇంట్లో అద్దం ముందు ఓసారి గిర్రున తిరిగి, మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టేస్తే వచ్చేది సగం సంతోషమే. మిగతా సగం, వంటింట్లోంచి వస్తున్న మా అమ్మాయి ఆగి "అబ్బో!" అన్నప్పుడు వస్తుంది.

అయితే పువ్వు అందరినీ పిలవదు. తేనెటీగ కంటికి ఎరుపు ఒక రంగుగా ఆనదు. మనకి కనిపించని అతినీలలోహిత కాంతి దానికి కనిపిస్తుంది. మనకి ఒట్టి పసుపుగా కనిపించే పొద్దుతిరుగుడు పువ్వులో దానికి మధ్యన ఒక ముదురు వలయం కనిపిస్తుంది, ఇక్కడ వాలమ్మా అన్నట్టు. రాత్రి పూసే పూలు చాలావరకు తెల్లగా ఉండి ఘుమఘుమలాడతాయి. చీకట్లో తిరిగే రెక్కల పురుగులకి తెలుపు మసకలోనూ ఆనుతుంది, వాసన దారి చూపిస్తుంది. పగలు తిరిగే తేనెటీగ తనని మెచ్చుకోలేదని ఏ రాత్రి పువ్వూ బెంగపెట్టుకోదు.

నేను పెట్టుకున్నాను. దారిన పోయే ప్రతి ఒక్కరి చూపుకీ సమాధానం చెప్పుకుంటూ బతికాను. లిఫ్టులో కలిసే పెద్దావిడ, ఆఫీసులో పక్క సెక్షన్ వాళ్లు, పెళ్లిళ్లలో రెండేళ్లకోసారి కనిపించి "కాస్త ఒళ్లొచ్చినట్టుందే" అనే చుట్టాలు, వీళ్లందరూ మెచ్చుకుంటేనే నేను బాగున్నట్టు. మెచ్చుకోరని ముందే తెలుసు కాబట్టి వాళ్ల కంట పడకుండా ఉండే బట్టలు కొనుక్కునేదాన్ని. నలుపు, బూడిద రంగు, నలుపులో ఇంకో నలుపు. అన్నీ ఒక సైజు పెద్దవి, మోకాళ్ల కింద దాకా. పూల డిజైన్ నచ్చితే దాన్ని దిండు గలీబుకి కొనేదాన్ని. నిజం. మా ఇంట్లో దిండ్లు నాకంటే అందంగా ఉండేవి.

ఇది ఎక్కడ బాగా బయటపడిందంటే ఫోటోల్లో. మా ఇంటి ఫోటోల్లో నేను ఉండను. ఫోన్ చేతిలోకి తీసుకుని "మీరంతా నిలబడండి, నేను తీస్తా" అనడం నాకు అలవాటు. అందరూ ఎంత మంచిదో అనుకునేవాళ్లు. ఎవరైనా పట్టుపట్టి లాగితే వెనక వరసలో, ఎవరి భుజం వెనకాలో సగం మొహంతో దూరేదాన్ని. ఒకరోజు మా అమ్మాయి కాలేజీలో ఏదో పని కోసం మా ఇద్దరి ఫోటో ఒకటి కావాలని నా ఫోన్ అంతా వెతికింది. తన చిన్నప్పటి నుంచి వందల ఫోటోలున్నాయి. నాతో కలిసున్నవి రెండో మూడో దొరికాయి, వాటిలోనూ ఒకదాంట్లో నా చెయ్యి మాత్రమే ఉంది. "నువ్వెక్కడున్నావమ్మా వీటిల్లో?" అంది. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అడిగింది. నేను "తీసింది నేనే కదే" అన్నాను.

ఆ తర్వాత బట్టల దుకాణానికి వెళ్లాను. ఆ మాట విన్న వెంటనే ఏదో వెలిగి వెళ్లానని కథ చెప్పను. చలి తగ్గింది, స్వెట్టర్లు లోపల పెట్టే రోజులు. ఒంటి మీద పల్చటి నూలు గుడ్డ ఉంటే బాగుండుననిపించే వాతావరణం. పొద్దున ఎండ కూడా కాస్త మెత్తగా ఉంటుంది కదా అప్పుడు, అలాంటి రోజు మనిషికి లేనిపోని ధైర్యం వస్తుంది. హ్యాంగర్‌కి ఒక పసుపు గౌను వేలాడుతోంది. మెడ దగ్గర చిన్న మడతలు, నడుము దగ్గర నుంచి కుచ్చిళ్లు, అంచు చుట్టూ తెల్లటి చిన్న చిన్న పూలు. ట్రయల్ రూమ్‌లోకి తీసుకెళ్లి వేసుకున్నాను. జిప్పు సగంలో ఆగిపోయింది. బయట నిలబడ్డ సేల్స్ అమ్మాయి నా గొంతు విని, హాలంతా వినిపించేలా "మేడమ్‌కి ఇంతకంటే పెద్ద సైజు ఉందేమో చూడండి, లేకపోతే లేదని చెప్పేయండి" అని అరిచింది. ఇంతకంటే పెద్దది లేదు. మామూలుగా అయితే అక్కడ వదిలేసి వచ్చేదాన్నే. ఆ రోజు కొనేశాను. కొని ఏం చేస్తానో తెలియకుండానే కొన్నాను.

ఇంటికొచ్చి ఆ లేబుల్ మీద అంకె చూస్తూ కూర్చుంటే నాలోని అకౌంటెంట్‌కి ఒళ్లు మండింది. ఆ అంకెకి కొలమానం ఏది? అంగుళాలా, సెంటీమీటర్లా? ఏదీ కాదు. యూనిట్ లేని అంకె ఎవరైనా నా టేబుల్ మీద పెడితే తిప్పి పంపేస్తాను. అలాంటి అంకెని పట్టుకుని ఇన్నేళ్లు నా మీద నేను మార్కులు వేసుకున్నానన్నమాట.

అసలు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికాను. 1939-40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది ఆడవాళ్లని కొలిచింది, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున. 1941లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి ఆడవాళ్ల కొలతలే. వాటిని ఆధారం చేసుకుని 1958లో అక్కడ ఒక సైజుల ప్రమాణం తయారు చేశారు. కంపెనీలు అటూ ఇటూ లాగాక, 1983లో ఆ ప్రమాణాన్నే ఎత్తేశారు. అప్పటి నుంచీ ఎవరి అంకె వాళ్లది. ఒక కంపెనీలో 12, ఇంకో కంపెనీలో 8. కొనేవాళ్లని సంతోషపెట్టడానికి అదే కొలతకి చిన్న అంకె వేయడం కూడా ఉంది. ఇంత గందరగోళం ఉన్న పద్దుని ఏ ఆడిటరూ పాస్ చేయడు. నేను మాత్రం పాస్ చేసి, ఫెయిల్ మార్కులు నాకు వేసుకున్నాను.

సరే, కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

ఎప్పుడైనా రెడీమేడ్ గౌనుని లోపలికి తిప్పి చూశారా? పైన ఎంత నాజూకుగా ఉంటుందో లోపల అంత గజిబిజి. పక్క కుట్టు పక్కన మిగులు గుడ్డ కొంచెం ఉంటుంది, దాని అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ వేసి ఉంటుంది. కుట్టు విప్పే చిన్న కొక్కెంతో ఒక్కో దారం తెంపుకుంటూ పోవాలి. ఆత్రపడితే గుడ్డ చిరుగుతుంది. విప్పిన చోట పాత కుట్టు రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. తడి చేసి ఇస్త్రీ పెడితే నూలు గుడ్డలో చాలావరకు కలిసిపోతాయి. రెండు పక్కలా ఉన్న గుడ్డ వదిలితే నడుముకి సరిపోయింది. చంకల దగ్గర చాలలేదు. అక్కడ నాలుగు పలకల చిన్న ముక్క అతికితే చెయ్యి పైకెత్తినా గౌను పైకి లేవదు. ఆ ముక్కకి గుడ్డ ఎక్కడిది? కింద అంచు మడతలోంచి తీశాను. ముందు కచ్చా కుట్టు వేసుకుని తొడిగి చూసుకుని, తర్వాతే మిషన్ మీద వేశాను. లేబుల్ అడ్డొస్తోందని అది కూడా కత్తిరించేశాను.

ఇంకో పని కూడా చేశాను. రెండు పక్కలా జేబులు పెట్టాను. ఆడవాళ్ల బట్టలకి జేబులెందుకు ఉండవో నాకెప్పుడూ అర్థం కాదు. 18వ శతాబ్దంలో యూరప్ ఆడవాళ్లు జేబుల్ని విడిగా కుట్టుకుని, నడుముకి తాడుతో కట్టుకుని, లంగా చీలికలోంచి చెయ్యి పెట్టి వాడుకునేవాళ్లు. తాళాలు, కత్తెర, సూదులు అన్నీ అందులోనే. శతాబ్దం చివరికొచ్చేసరికి ఒంటికి అంటిపెట్టుకునే సన్నటి గౌనులు ఫ్యాషన్ అయ్యాయి, జేబు పోయి చేతిలోకి చిన్న సంచీ వచ్చింది. ఆ సంచీనే ఇప్పటికీ మోస్తున్నాం.

మా అక్క వచ్చినప్పుడు ఆ గౌనులోనే తలుపు తీశాను. పై నుంచి కింద దాకా చూసింది.

"ఈ వయసులో గౌనేంటే, చిన్నపిల్లలా?"

"జేబులున్నాయక్కా."

"ఏదీ?" అని చెయ్యి పెట్టి చూసింది. "ఫోన్ పడుతుందా?"

"ఫోను, తాళాలు, కళ్లజోడు కూడా."

ఇక వయసు గురించి మాట్లాడలేదు. కాఫీ తాగుతూ రెండుసార్లు నా జేబు వంకే చూసింది.

ఆ గౌనుని మొదట మెచ్చుకున్నది మాత్రం అక్కా కాదు, అమ్మాయీ కాదు. వేసుకున్న కొత్తలో బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోస్తుంటే ఒళ్లంతా నల్ల చుక్కలు కనిపించాయి. మరకలేమో అని దులపబోతే చుక్కలు నడుస్తున్నాయి. ఆవగింజలో సగం కూడా లేని పురుగులు, భుజం మీద, కుచ్చిళ్ల మీద, జేబు అంచు మీద. పసుపు రంగు కనిపిస్తే పేనుబంక, తెల్లదోమ, తామర పురుగులు వచ్చి వాలతాయి. తోటల్లో పసుపు రంగు జిగురు అట్టలు కట్టేది అందుకే. నన్ను చూసి అంత పెద్ద పువ్వు పూసిందనుకున్నాయి కాబోలు. నాకైతే నవ్వాగలేదు. జీవితంలో మొదటిసారి ఎవరి కంటైనా పడాలని ఒక రంగు వేసుకుంటే, ఇంత పెద్ద జనం!

బాల్కనీ అంటే పెద్దదేమీ కాదు. నాలుగు కుండీలు, రెయిలింగ్ మీదికి పాకిన కాగితం పూల తీగ. ఆ తీగంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. మనం పూలనుకునే ఆ గులాబీ రంగు రేకలు నిజానికి రంగు మారిన ఆకులు. వాటి మధ్యలోకి తొంగి చూస్తే, సన్నటి గొట్టాల్లా మూడు పూలుంటాయి, మొన మీద తెల్లటి చిన్న నక్షత్రం. అసలు పువ్వు అదే. అంటే ఆ తీగ చేసిందేమిటంటే పువ్వుకి మంచి బట్టలు కుట్టించింది.

బట్టల మాట వచ్చింది కాబట్టి దాని పేరు కథ కూడా చెప్పాలి. బోగన్‌విలియా అన్నది ఒక ఫ్రెంచ్ నౌకాధికారి పేరు. 1766లో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరిన ఓడలకి నాయకుడు. అందులో కొమ్మెర్సాన్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు. 1767లో బ్రెజిల్‌లో ఈ తీగని సేకరించి తమ నాయకుడి పేరు పెట్టాడు. ఆయన వెంట సహాయకుడిగా వెళ్లింది జాన్ బారె. సహాయకుడే అనుకున్నారు అందరూ. అప్పట్లో ఆడవాళ్లని నౌకాదళం ఓడల్లో ఎక్కనిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆమె మగవాడి బట్టలు వేసుకుని ఎక్కింది. మొక్కలు, పెట్టెలు మోసుకుంటూ కొండలెక్కి దిగింది. సంగతి తర్వాత బయటపడింది. కొమ్మెర్సాన్‌తో పాటు మారిషస్‌లో దిగిపోయి, ఆయన పోయాక ఫ్రాన్స్ చేరుకుని, భూమి చుట్టూ తిరిగిన మొదటి మహిళగా మిగిలింది. మొక్కలకి మాత్రం మగవాళ్ల పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఆమె పేరు నిలిచిన మొక్క ఒకటి రావడానికి 2012 దాకా పట్టింది. సొలానమ్ బారెటియే, మన వంగ మొక్కకి చుట్టం. ఇన్నేళ్ల తర్వాతైనా పెట్టారు, సంతోషమే. కానీ పువ్వుల కోసం తన బట్టల్ని దాచుకోవాల్సి వచ్చిన మనిషిని తలచుకుంటే, ఎవరూ వద్దనకుండానే నేను దాక్కున్న ఏళ్లు కాస్త దండగనిపిస్తాయి.

పూల బట్టలు వేసుకోవడం కూడా ఒకప్పుడు కొన్నిచోట్ల నేరమే. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పూల అద్దకం బట్టలకి యూరప్ ఆడవాళ్లు ఎంత ఎగబడ్డారంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. బ్రిటన్ 1721 చట్టంతో అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. అయినా దొంగతనంగా తెప్పించుకుని వేసుకున్నారు. ఒంటి మీద నాలుగు పూలు ఉండాలన్న కోరిక చట్టాలకి లొంగేది కాదన్నమాట. నా దిండు గలీబులు గుర్తొచ్చాయి.

ఇప్పుడు ఆఫీసు టేబుల్ మీద కూడా ఒక పువ్వు పెట్టుకుంటున్నాను. వాజు ఏమీ లేదు, ఖాళీ మందుల సీసా. కాడని ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయాలి. లేకపోతే అవి కుళ్లి, బ్యాక్టీరియా పెరిగి కాడలోని నాళాలు మూసుకుపోతాయి. రోజూ నీళ్లు మార్చాలి. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసేలోపు ఈ పని చేస్తాను. మొదట్లో "ఏంటి, పుట్టినరోజా?" అని అడిగేవాళ్లు. కాదంటే "మరి?" అనేవాళ్లు. మరేమీ లేదు. ఒకసారి తులిప్‌లు పెట్టాను. తులిప్‌తో తమాషా ఏంటంటే కోసేశాక కూడా కాడ పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. సోమవారం నిటారుగా నిలబడ్డ పువ్వు బుధవారానికి కిటికీ వైపు మెడ సాచింది. పక్క సీటు అతను దాన్ని నిటారుగా తిప్పిపెట్టాడు. మధ్యాహ్నానికి మళ్లీ అటే.

వసంతం గురించి ఒక మాట చెప్పకపోతే ఇదంతా ఆ కాలం చేసిన మాయ అనుకుంటారు. కాదు. ఆపిల్, చెర్రీ లాంటి చెట్లు వసంతంలో విప్పే మొగ్గలు అంతకు ముందు వేసవిలోనే కట్టి ఉంటాయి. ఆకులు రాలి, కొమ్మలు ఎండుపుల్లల్లా కనిపించే రోజుల్లో కూడా అవి అక్కడే, పొలుసుల కింద ఉంటాయి. పైగా సరిపడా చలి పడకపోతే సరిగ్గా విచ్చుకోవు. తులిప్ దుంపని శీతాకాలంలో నిలువుగా కోస్తే లోపల వేలి గోరంత పువ్వు అప్పటికే తయారై ఉంటుంది. నాకూ అంతే అనిపిస్తుంది. ఆ పసుపు గౌను మీద ఇష్టం ఆ రోజు దుకాణంలో పుట్టింది కాదు. దిండు గలీబులు కొన్న రోజుల్లోనూ ఉంది. ఎండ తగిలేసరికి బయటికి వచ్చింది. చామంతుల లాంటివి మాత్రం వసంతం జోలికే పోవు, రాత్రులు పొడవయ్యే దాకా ఆగుతాయి. నా స్నేహితురాలు ఒకామె అచ్చం అలాగే, చలికాలం వస్తే గానీ బీరువా తెరవదు.

అన్ని రోజులూ ఇలాగే ఉంటానని కాదు. నెల చివర క్లోజింగ్ పనుల్లో మొహం పీక్కుపోయినప్పుడు, పొట్ట ఉబ్బరంగా ఉన్నప్పుడు, నల్ల కుర్తా ఇంకా చేతికి తగులుతూనే ఉంటుంది. వేసుకుంటాను కూడా. మంచి కుర్తానే అది. కాకపోతే ఇప్పుడు ఫోటో తీస్తామంటే ముందు వరసలో నిలబడి, మా అమ్మాయి చేతికే ఫోన్ ఇస్తున్నాను. వచ్చిన ఫోటోలు పెద్దగా చేసి గడ్డం కింద మడతలు లెక్కపెట్టడం మానలేదు. లెక్కపెట్టి ఉంచుకుంటున్నాను, డిలీట్ చేయడం లేదు.

మొన్న అక్క తన కొలతలు ఫోన్‌లో పంపింది. ఛాతీ, నడుము, భుజం, పొడవు, అన్నీ అంగుళాల్లో, శుభ్రంగా. కింద "జేబులు లోతుగా ఉండాలి, రంగు బూడిదైతే మేలు" అని రాసింది. నేను నారింజ రంగు గుడ్డ కొన్నాను, తెల్ల పూలున్నది. తడిపి ఆరేశాను కూడా, కుట్టాక కుంచించుకుపోకుండా. చేతులు పొడవా పొట్టా అన్నది తనిష్టమే. రంగు దగ్గర మాత్రం ఆదివారం మా ఇద్దరికీ పెద్ద గొడవే ఉంది.